కర్త పేరు, పరిష్కర్త స్వేచ్ఛ : తెలుగు ఖతుల లైసెన్సులపై ఒక విమర్శ

కావ్యమును రచించువాడు కర్త. దాని ప్రతులను సేకరించి, లేఖక దోషములను సవరించి, పాఠకులకు అందించువాడు పరిష్కర్త. ఈ ఇరువురి నడుమ తగవు తెలుగు సాహిత్యమునకు క్రొత్తది కాదు. కర్త వ్రాయని పద్యమును పరిష్కర్త చేర్చవచ్చునా? చేర్చినచో ఎవరి పేరుతో చేర్చవలెను? కర్త పొరపడిన చోట దిద్దు అధికారము ఎవరిది? ప్రాచీన గ్రంథములు అచ్చుకెక్కిన నాటినుండి పండితులు చర్చించుచు వచ్చిన ఈ ప్రశ్నలే నేడు కంప్యూటరు రంగమున మరల తలయెత్తినవి. అచట కర్త స్థానమున నున్నవాడు సాఫ్టువేరు నిర్మాత. పరిష్కర్త స్థానమున నున్నది, పలువురు నిర్మించిన సాఫ్టువేరులను సేకరించి, సవరించి, ఒక్కచోట కూర్చి ప్రజలకు పంచు సంస్థ. లినక్సు లోకమున డెబియన్, ఫెడోరా మొదలగునవి అట్టి పంపిణీ సంస్థలు.

వెల పెట్టి కొన్న సాఫ్టువేరునందు కొన్నవానికి సాధారణముగా వాడుకొను హక్కు మాత్రమే యుండును. దాని లోపలి రచనను చదువుటకు గాని, మార్చుటకు గాని, పొరుగువానికి ప్రతి తీసి యిచ్చుటకు గాని అనుమతి యుండదు. స్వేచ్ఛా సాఫ్టువేరు లైసెన్సులు ఈ నాలుగు హక్కులను, అనగా వాడుట, చదువుట, మార్చుట, పంచుట అనువానిని, అందరికిని వ్రాతపూర్వకముగా నిచ్చుచున్నవి. 1991 సంవత్సరమున వెలువడిన జి.పి.ఎల్. రెండవ కూర్పు వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. మార్చి పంచువాడు తాను పొందిన హక్కులనే తనవద్దనుండి పుచ్చుకొన్నవానికిని ఈయవలెనని అది నిబంధన చేర్చినది. 1993 లో ఇయన్ మర్డాక్ స్థాపించిన డెబియన్, ఏ లైసెన్సు స్వేచ్ఛా లైసెన్సు అనిపించుకొనునో నిర్ణయించుటకు 1997 లో ఒక నియమావళిని ఏర్పరచుకొన్నది. హక్కులన్నియు ఇంత స్పష్టముగా నిచ్చిన తరువాత తగవునకు తావెక్కడిదని తోచవచ్చును. తగవులు వచ్చినవి, పెద్దవే వచ్చినవి. అవి అధికభాగము హక్కుల లెక్కకు సంబంధించినవి కావు. మార్పునకు బాధ్యుడెవడు, మార్చిన వస్తువు ఎవరి పేరుతో తిరుగవలెను అనువానికి సంబంధించినవి. ఈ వ్యాసమున పరిశీలింపబడు విషయమిదియే.

ఈ విషయము సాంకేతిక నిపుణులది గదా, తెలుగు సంఘమున కేమి ప్రయోజనమని శంకింపరాదు. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని దేశనూరును ఉదాహరణముగా తీసికొనవచ్చును. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు పూర్వపు బళ్ళారి జిల్లానుండి ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు చేరినవి. సిరుగుప్ప మొదలగునవి మైసూరున కలిసినవి. ఎల్లకు ఈవల నిలిచిన ఊళ్ళలో పరిపాలన భాష కన్నడము. తెలుగు ఇంటి భాషగా, బంధుత్వముల భాషగా, కొన్ని బడులలో బోధనభాషగా నిలిచినది. అట్టి చోట తెలుగు పుస్తకము గాని, తెలుగు అక్షరము గాని అంగడి వ్యాపారమువలన వచ్చుట అరుదు. కొనువారు కొలదిమంది యగుటచే అమ్మువాడు అంత దూరము రాడు. ఒకచోట నుండి మరియొకచోటికి ప్రతి తీసికొని పోదగినదే అచటికి చేరును. కనుక ప్రతి తీయు హక్కు రాజధానిలోని వానికి సిద్ధాంతము. దేశనూరు వంటి గ్రామమునందలి తెలుగు బాలునకు అది అక్షరము.

ఈ తగవులను తూచుటకు పరదేశపు తూనికరాళ్ళను తేవలసిన పని లేదు. తెలుగు సాహిత్య చరిత్రయందే మూడు దృష్టాంతములు గలవు. మొదటిది ఎఱ్ఱన పద్ధతి. నన్నయ రచించుచుండగా అరణ్యపర్వము నడుమ నిలిచిపోయినది. తిక్కన విరాటపర్వమునుండి మొదలిడెను. మిగిలిన భాగమును 14 వ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. తన కాలపు రాజునకు గాక, నన్నయ కావ్యమునకు కృతిపతియైన రాజరాజనరేంద్రునకే ఆ భాగమును చెందించి, నన్నయ రీతి తోచునట్లు నడిపి, చివర పూరించినవాడు తానని తెలిపెను. మూలకర్త పేరు చెడలేదు. పూరించినవాని పేరు మరుగుపడలేదు.

రెండవది భాగవత పద్ధతి. పోతన భాగవతమున కొన్ని భాగములు లుప్తమైనవని, వానిని ఇతరులు పూరించిరని సంప్రదాయము. పంచమ స్కంధమునకు గంగన, షష్ఠమునకు సింగన, ఏకాదశ ద్వాదశములకు వెలిగందల నారయ కర్తలు. వారి పేర్లు ఆయా స్కంధముల గద్యలలోనే యున్నవి. గ్రంథము ఒక్కటిగానే నడచినది. కాని ఎచట ఎవరి చేయి పడినదో పాఠకుడు తెలిసికొనగలడు.

మూడవది వేమన పద్ధతి. నిజమునకు అది పద్ధతి లేమి. వేమన మకుటము నెవరైనను తగిలింపవచ్చును. ఆ మకుటముతో ఎవరెవరో అల్లిన పద్యములు వేమనవిగా చెల్లినవి. ఏది వేమన పద్యమో, ఏది కాదో తేల్చుటకు బ్రౌను దొర మొదలు నేటివరకు పరిశోధకులు శ్రమించుచునే యున్నారు. పద్యములు ప్రజలలో విరివిగా వ్యాపించుట ఇందలి మేలు. కర్త రూపము మసకబారుట ఇందలి కీడు. ఈ మూడింటిని మనసున నుంచుకొని ఆధునిక వివాదములను చూచినచో వానిలోని గుణదోషములు తేటపడును.

వానిలో ప్రఖ్యాతమైనది డెబియన్ సంస్థకును, ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరును నిర్మించిన మొజిల్లా సంస్థకును నడచిన వివాదము. ఫైర్‌ఫాక్స్ రచన స్వేచ్ఛా లైసెన్సు క్రింద నున్నది. దాని పేరును, నక్క బొమ్మ గల చిహ్నమును మాత్రము మొజిల్లా తన వ్యాపార ముద్రలుగా నుంచుకొన్నది. ఆ చిహ్నమునకు ఆ కాలమున స్వేచ్ఛా లైసెన్సు లేదు. తన నియమావళి కది సరిపడదని డెబియన్ చిహ్నమును విడిచి, పేరును మాత్రము వాడుకొన్నది. 2006 లో మొజిల్లా ప్రతినిధి దీని కభ్యంతరము తెలిపెను. పేరు కావలెనన్న చిహ్నము కూడ ఉంచవలెను. డెబియన్ చేయు సవరణలను మొజిల్లా ముందుగా చూచి అంగీకరింపవలెను అనునవి ఆయన నిబంధనల సారాంశము.

ఉభయుల వాదములందును పస యున్నది. మొజిల్లా భయమేమనగా, ఇతరులు మార్చిన బ్రౌజరు తమ పేరుతో తిరిగి చెడిపోయినచో నింద తమపై పడును. ఇది వేమన మకుటమునకు పట్టిన గతిని తప్పించుకొనుటకై పడిన తాపత్రయమే. డెబియన్ చిక్కు వేరు. ఆ సంస్థ ఒకమారు విడుదల చేసిన స్థిరమైన కూర్పును ఏండ్ల తరబడి మార్చక నిలుపును. మధ్యలో భద్రతా లోపము బయటపడినచో, క్రొత్త సంచికకు పోక, ఆ పాత సంచికనే దిద్ది పంచును. ప్రతి దిద్దుబాటునకు కర్త అనుమతికై వేచియుండవలసి వచ్చినచో, ఆ వేచియున్న కాలమంతయు వాడుకరి అపాయమున నుండును. మూలకర్త తన పాత సంచికను విడిచి ముందుకు పోయిన తరువాత ఆ పాతదానిని పోషించువాడు పరిష్కర్తయే గదా!

తుదకు డెబియన్ పేరు మార్చినది. 2007 ఏప్రిలులో వెలువడిన డెబియన్ 4.0 లో ఫైర్‌ఫాక్స్ ‘ఐస్‌వీజెల్’ అను పేరుతో వచ్చినది. లోపలి వస్తువు దాదాపు అదియే, నామము వేరు. ఇందొక విశేషము గలదు. మార్చిన కృతి వేరొక పేరు ధరింపవలెనని కర్త నియమించుట న్యాయమేనని డెబియన్ 1997 నాటి నియమావళిలోనే నాలుగవ సూత్రము చెప్పుచున్నది. కావున పేరు మార్పు డెబియన్ సిద్ధాంతమునకు ఓటమి కాదు, దాని ఆచరణమే. పదియేండ్లు గడచిన తరువాత, డెబియన్ చేయు సవరణలు తమ బ్రౌజరు గుణమునకు హానికరములు కావని మొజిల్లా ఒప్పుకొన్నది. చిహ్నమునకును స్వేచ్ఛా అనుమతి లభించియుండెను. 2016 లో ఫైర్‌ఫాక్స్ పేరు డెబియన్‌లోనికి తిరిగి వచ్చినది. మొదట భాగవత పద్ధతిన విడిపోయిన ఉభయులు, పరస్పర విశ్వాసము కుదిరిన పిమ్మట ఎఱ్ఱన పద్ధతికి చేరిరని దీనిని సమన్వయింపవచ్చును. ఎఱ్ఱన పద్ధతి నమ్మకము గలచోట మాత్రమే చెల్లును. నమ్మకము లేనిచోట భాగవత పద్ధతియే గౌరవప్రదమైనది.

అన్ని వివాదములు ఇట్లు శుభాంతము కాలేదు. సి.డి. పలకలపై సమాచారము నెక్కించు ‘సి.డి.ఆర్.టూల్స్’ అను సాఫ్టువేరు కథ ఇందుకు నిదర్శనము. దాని కర్త యోర్గ్ షిల్లింగ్ అను జర్మను. పంపిణీ సంస్థలు తన రచనను దిద్ది చెడగొట్టుచున్నవని, ఆ తప్పులకు వాడుకరులు తన్ను నిందించుచున్నారని ఆయన చిరకాలము మొఱపెట్టెను. 2006 లో ఆయన తన రచనలో కొంత భాగమును సి.డి.డి.ఎల్. అను వేరొక లైసెన్సు క్రిందికి మార్చెను. అది జి.పి.ఎల్. తో పొసగదని, రెండును కలిసిన వస్తువును తాము పంచరాదని డెబియన్ వారు నిర్ణయించిరి. ఆయన ఆ వ్యాఖ్యానము నంగీకరింపలేదు. డెబియన్ వారు పాత సంచికనుండి ‘సి.డి.ఆర్.కిట్’ అను శాఖను విడదీసిరి. ఆ శాఖ 2010 తరువాత ముందునకు సాగలేదు. షిల్లింగ్ తన రచనను పెంచుచునే యుండెను గాని, అది డెబియన్ వాడుకరులకు నేరుగా అందలేదు. ఆయన 2021 లో మరణించెను. పెరుగుచున్న మూలము ఒకచోట, అందుచున్న ప్రతి వేరొకచోట నిలిచినవి. ఇందు గెలిచినవారెవరును లేరు. ఓడినవాడు మాత్రము ఈ వాదములేవియు ఎరుగని వాడుకరి.

డి. జె. బెర్న్‌స్టెయిన్ నిర్మించిన ‘క్యూమెయిల్’ అను ఉత్తరాల సాఫ్టువేరు మరియొక విధము. అది గుణమున శ్రేష్ఠమని పేరుపొందినది. కాని దానిని మార్చి, మార్చిన రూపమున పంచుటకు ఆయన అనుమతి యీయలేదు. అందుచే పంపిణీ సంస్థలు దానిని తమ సంపుటములలో సహజముగా చేర్చుకొనలేకపోయినవి. 2007 లో ఆయన దానిని ప్రజలందరి సొత్తుగా ప్రకటించెను. అప్పటికే ఇతర సాఫ్టువేరులు ఆ స్థానమును ఆక్రమించినవి. తన పాఠమును ఎవరును ముట్టరాదన్న కర్త పాఠము చెడదు. కాని ప్రచారమును కోల్పోవును.

ఇక తెలుగు ఖతుల విషయము. ఖతి యనగా ఫాంటు, అక్షరరూపముల సముదాయము. యూనికోడు మొదటి కూర్పునందే, 1991 లో, తెలుగు లిపికి స్థానము లభించినది. కాని సంకేతసంఖ్య లభించినంతమాత్రమున అక్షరము తెరపై కనబడదు; దానికి రూపమిచ్చు ఖతి కావలెను. తెలుగునకు ఇది సులభమైన పని గాదు. గుణింతములు తలపై నుండును. ఒత్తులు పాదముననో ప్రక్కననో నిలుచును. ‘స్త్రీ’, ‘క్ష్మ’ వంటి సంయుక్తములు పలు భాగముల కూర్పు. ఏ ఒత్తు ఎచట నిలువవలెనో తెలుపు సూత్రములు ఖతిలోనే పొందుపరుపవలెను. కనుక ఖతి వట్టి బొమ్మల పెట్టె కాదు. లిపికి వ్యాకరణము వంటిది, సాఫ్టువేరు రచనయే.

2001 లో విండోస్ ఎక్స్‌పి తో వచ్చిన ‘గౌతమి’ ఖతి పెక్కుమంది తెలుగువారికి యూనికోడు తెలుగును తొలిసారి చూపినది. ఆ మేలు మరువరానిది. కాని అది మైక్రోసాఫ్టు సొత్తు. దానిని తీసికొనిపోయి లినక్సు యంత్రమున నిలుపుటకు గాని, అందలి ఒత్తును దిద్ది పంచుటకు గాని చదువరికి హక్కు లేదు. గౌతమి అను నదీనామము తెలుగుదే యైనను, ఖతిపై తెలుగువారికి వాడుక తప్ప అధికారము లేదు.

తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు నిర్మించిన ‘పోతన 2000’, ‘వేమన 2000’ అను ఖతులు ఇందుకు భిన్నమైనవి. వానిని ఆయన జి.పి.ఎల్. క్రింద ప్రజలకిచ్చెను. ఆ కారణముచేతనే అవి డెబియన్, ఫెడోరా మొదలగు పంపిణీలలో చోటు చేసికొని, కర్త ఎరుగని ఊళ్ళకును చేరగలిగినవి. ఖతులకు పెట్టిన పేర్లును ఔచిత్యవంతములు. కృతిని రాజున కీయనొల్లక సేద్యము చేసికొన్నాడని కథ గల కవి ఒకడు. పద్యమును పదుగురి నోట విడిచిన కవి యొకడు.

అయినను జి.పి.ఎల్. ఖతులకు పూర్తిగా కుదురునా యను సంశయము మొదటినుండియు గలదు. ఆ లైసెన్సు సాఫ్టువేరులను దృష్టియందుంచుకొని వ్రాయబడినది. ఒక పత్రమున ఖతిని ఇమిడ్చి పంపినచో, ఆ పత్రము కూడ ఖతినుండి పుట్టిన కృతియగునా, దానికిని జి.పి.ఎల్. నిబంధనలు సోకునా అను ప్రశ్న వచ్చినది. పెండ్లి శుభలేఖ యైనను, ప్రశ్నపత్రమైనను, కథల సంపుటమైనను ఈ సంశయమునకు లోబడును. దీనిని తొలగించుటకు, ఇమిడ్చిన పత్రములకు నిబంధనలు సోకవని తెలుపు ఒక మినహాయింపు వాక్యమును లైసెన్సునకు చేర్చు ఆచారమేర్పడినది. ఫెడోరా ఈ ఖతులను మినహాయింపుతో కూడిన జి.పి.ఎల్. ఖతులుగానే పేర్కొన్నది. ఒక్క వాక్యము లేనిచో ఎంత శ్రమయైనను సందేహమున పడునని, ఉన్నచో నిర్భయముగా చెల్లునని దీనివలన తెలియుచున్నది. పంపిణీ సంస్థలు లైసెన్సు వాక్యములను పట్టి పట్టి చదువుటను ఛాందసమని ఎగతాళి చేయువారు ఈ సంగతిని గమనింపవలెను. తాళపత్రమున ఒక్క అక్షరమునకై తర్కించిన పరిష్కర్తలనుకూడ లోకము ఛాందసులనియే అన్నది. వారి ఛాందసమే నేడు శుద్ధపాఠము.

ఖతుల కొరకే ప్రత్యేకముగా వ్రాయబడిన ఓ.ఎఫ్.ఎల్. అను లైసెన్సు 1.1 వ కూర్పు 2007 లో వచ్చినది. వాడుట, మార్చుట, పంచుట అన్నియు అందు స్వేచ్ఛయే. ఖతిని విడిగా అమ్మరాదు. ఇతర సాఫ్టువేరుతో కలిపి అమ్మవచ్చును. ఇమిడ్చిన పత్రములకు నిబంధన సోకదని అందు స్పష్టముగా నున్నది. రెడ్‌హ్యాట్ సంస్థవారి ‘లోహిత్’ ఖతులు, తెలుగు లోహిత్‌తో కూడ, 2011 లో జి.పి.ఎల్. నుండి ఈ లైసెన్సునకు మారినవి. గూగుల్ వారి ‘నోటో’ ఖతులును 2015 లో ఈ లైసెన్సునకు మారినవి. సిలికానాంధ్ర సంస్థ ఇదే లైసెన్సు క్రింద ప్రజలకిచ్చిన మండలి, మల్లన్న, రామభద్ర, సూరన్న, తిమ్మన, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ మొదలగు ఖతులు తెలుగు అచ్చునకు వన్నె తెచ్చినవి. ప్రవాసాంధ్రుల సంఘమొకటి తలపెట్టిన ఈ కార్యము ఆ సంఘముతో సంబంధమే లేని బళ్ళారి సీమవారికిని ఉపకరించుట లైసెన్సు మహిమయే. దాతకును గ్రహీతకును పరిచయము లేకయే దానము చెల్లినది.

ఓ.ఎఫ్.ఎల్. లోని సారవంతమైన నిబంధన ‘రక్షిత నామము’. కర్త కోరినచో తన ఖతి పేరును రక్షితమని ప్రకటింపవచ్చును. అప్పుడు మార్చినవాడు ఆ పేరును విడిచి వేరొక పేరు పెట్టవలెను. ఫైర్‌ఫాక్స్ తగవున అనుభవముచే నేర్చిన నీతి ఇందు ముందుగానే సూత్రముగా నున్నది. అక్షరము ప్రజలది, పేరు కర్తది అను విభాగము ఇచట స్పష్టము. భాగవత పూరణమునకు ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు.

ఈ నిబంధన ఏల అవసరమో ఒక ఊహోదాహరణమున చూడవచ్చును. ఒక ఖతియందు ఒత్తు క్రింది పంక్తిని తాకుచున్నదనుకొనుడు. పంపిణీ సంస్థ సదుద్దేశముతో దానిని దిద్ది, పంక్తుల నడుమ ఎడమును పెంచి, అదే పేరుతో పంచినది. ఒక ఉపాధ్యాయుడు రెండు పుటలలో అమర్చిన ప్రశ్నపత్రము, దిద్దిన ఖతి గల యంత్రమున తెరచినంతనే మూడవ పుటకు ప్రాకును. చివరి ప్రశ్న అచ్చున జారిపోవును. పేరు ఒక్కటే యగుటచే దోషమెచట నున్నదో ఆయనకు తెలియదు. నిందింపబడువాడు ఖతికర్త. పేరు వేరైనచో చిక్కు వెంటనే బయటపడెడిది. కావున కర్త పేరును కాపాడుకొనుట అహంకారమే యని కొట్టివేయరాదు; అది చదువరికిని రక్షణయే.

కాని రక్షిత నామమునకు అతివ్యాప్తి దోషము లేకపోలేదు. వెబ్ పుటలపై ఖతి వేగముగా దిగుటకై అవసరమైన అక్షరములను మాత్రము విడదీసి పంపుట పరిపాటి. అట్లు విడదీయుట కూడ మార్పుగానే యెంచబడును. రక్షితమైన పేరు ఆ ముక్కకు చెల్లదు. పంచుపనియే ప్రధానముగా గలవారికి ఇది అడ్డంకి. అందుచేతనే గూగుల్ ఖతుల భాండారమువారు పేరును రక్షితముగా నుంచవద్దని కర్తలను కోరుచున్నారు. కర్త పేరును పూర్తిగా విడువుమనుట ఒక అంచు. అణుమాత్రపు సవరణకును క్రొత్త పేరు పెట్టుమనుట రెండవ అంచు. మేలైన మార్గము నడుమ నున్నది. రూపమును, కొలతలను మార్చినచో పేరు మారవలెను. కేవలము రవాణాకై కుదించినచో కర్త ముందుగానే వ్రాతపూర్వకముగా అనుమతింపవలెను. పేరు గల కర్త అట్టి అదనపు అనుమతిని ఇచ్చుటకు ఓ.ఎఫ్.ఎల్. అవకాశమొసగుచున్నది. తెలుగు ఖతికర్తలు ఈ అవకాశమును వినియోగించుకొనదగును.

ఇటీవలి వివాదములలో మరియొక అంశము బలపడినది. అది కర్త జీవిక. సమాచార భాండారములను నడుపు మాంగోడిబి సంస్థ 2018 లోను, రెడిస్ సంస్థ 2024 మార్చిలోను తమ లైసెన్సులను బిగించినవి. పెద్ద వ్యాపార సంస్థలు తమ రచనను సేవగా అమ్మి లాభము గడించి తమకేమియు ఈయలేదన్నది వారి ఫిర్యాదు. మాంగోడిబి క్రొత్త లైసెన్సు స్వేచ్ఛా లైసెన్సు కాదని ఫెడోరా 2019 లో తేల్చినది. పంపిణీలు దానిని విడిచినవి. రెడిస్ మారిన నెలలోనే లినక్సు ఫౌండేషను నీడన ‘వాల్కీ’ అను శాఖ పుట్టినది. 2025 మేలో రెడిస్ మరల ఒక స్వేచ్ఛా లైసెన్సును తన ఐచ్ఛికములలో చేర్చినది. కర్త ఆకలి నిజమే. కాని ఒకమారు లోకమునకు ఇచ్చినదానిని వెనుకకు లాగికొనుట సాధ్యము కాదని ఈ కథలు చెప్పుచున్నవి. ఇచ్చిన ప్రతి ఇచ్చినట్లే జీవించును, వేరొక పేరుతో పెరుగును. కర్తకు కూడు పెట్టు మార్గమును లైసెన్సునందు వెదకుట కంటె పోషణయందు వెదకుట మేలు. పూర్వము కృతిభర్త ఆ భారమును వహించెను. నేడు రాజులు లేరు, సంఘములు ఉన్నవి.

ఇంతవరకు చేసిన పరిశీలనమునుండి తెలుగు సంఘములు గ్రహింపవలసిన నీతి యొకటి గలదు. ఖతిని గాని, నిఘంటువును గాని, పాఠ్యసామగ్రిని గాని నిర్మింపజేయునపుడు ‘అందరును ఉచితముగా వాడుకొనవచ్చును’ అను నోటిమాట చాలదు. ఉచితమన్నది వెలను గూర్చిన మాట. హక్కును గూర్చిన మాట కాదు. మార్చవచ్చునా, పంచవచ్చునా, ఇమిడ్చి అచ్చువేయవచ్చునా అని పంపిణీ సంస్థ అడిగినపుడు సమాధానము ఖతి వెంటనే ఉండవలెను. లేనిచో ఆ సంస్థ దానిని ముట్టదు; ముట్టకుండుట దాని ధర్మము. కర్త జీవించియున్నంత కాలము ఉత్తరము వ్రాసి అడుగవచ్చును. కర్త గతించిన పిమ్మట వ్రాతలేని అనుమతి ఆయనతోనే గతించును. వారసులను వెదకి, సంతకము సంపాదించి, అక్షరమును విడిపించు ఓపిక సరిహద్దు గ్రామపు బడికి ఎచటనుండి వచ్చును?

రెండవది, ఖతి తుదిరూపముతో పాటు దాని మూలసామగ్రిని, అనగా గీతల పటములను, ఒత్తుల సూత్రములను కూడ భద్రపరచి యీయవలెను. తుదిరూపము మాత్రమే యిచ్చుట, అచ్చుపుస్తకము నిచ్చి వ్రాతప్రతిని తగులబెట్టుట వంటిది. డెబియన్ వారు మూలమును పట్టుబట్టి అడుగుట ఇందుకే. మూడవది, ఎవరు ఏనాడు ఏ అక్షరమును దిద్దిరో తెలుపు పట్టికను ఖతితో నడపవలెను. అది ఆధునిక కాలపు గద్య. గంగన సింగనల పేర్లు శతాబ్దముల తరువాతను తెలియుచున్నవన్న, గద్య యుండుటచేతనే గదా!

పంపిణీ సంస్థల దోషమును కూడ దాచరాదు. దిద్దిన సంగతిని కర్తకు తెలుపక తమ సంపుటముననే దాచుకొనుట వారిలో కొందరికి గల అలవాటు. దిద్దుబాటు కర్తకు చేరినపుడే మూలము బాగుపడును. అప్పుడే అన్ని పంపిణీలును బాగుపడును. పరిష్కర్త స్వేచ్ఛ హక్కే, కాని కర్తకు కబురంపుట మర్యాద. మర్యాదను లైసెన్సు శాసింపలేదు. షిల్లింగ్ కథలో లోపించినది శాసనము కాదు, మర్యాద. ఫైర్‌ఫాక్స్ కథను పదియేండ్లకు చక్కబరచినదియు మర్యాదయే.

కర్త పక్షమా, పరిష్కర్త పక్షమా యని అడుగుట ఈ విషయమున సరియైన ప్రశ్న కాదు. పేరుపై కర్తకు, పాఠముపై లోకమునకు అధికారమీయబడిన చోట ఉభయులును బ్రతికిరి. పాఠమును కర్త బిగబట్టిన చోట పాఠము నిలిచిపోయినది. పేరును లోకము దోచిన చోట కర్త మాసిపోయెను. దేశనూరు వంటి ఎల్లగ్రామమున నిలిచియున్న తెలుగునకు ఈ రెండు నష్టములలో ఏదియు భరింపదగినది కాదు. అచట అక్షరము చేరుటకు పంచువాని స్వేచ్ఛ కావలెను. చేరిన అక్షరము నమ్మదగినదిగా నుండుటకు కర్త పేరు కావలెను. ఈ రెండింటిని ఒక్క పుటలో స్పష్టముగా వ్రాసి ఖతితో పంపుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు. ఆ యొక్క పుట లేనందున నిలిచిపోవు అక్షరముల నష్టము మాత్రము పెద్దది.